తీర్పు చదివేటప్పుడు ముందు తేల్చుకోవాల్సింది: ఈ మాట ఎవరిది?

ప్రశ్న: నా వయసు 41. మాది విజయనగరం. తెలుగు మీడియంలో బీఏ చేశాక పెళ్లయింది, చదువు అక్కడితో ఆగిపోయింది. పిల్లలు పెద్దవాళ్లయ్యారని లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరాను. గైడ్లు చదివితే అర్థమవుతోంది గానీ, సార్లు చదవమన్న తీర్పులు తలకెక్కడం లేదు. ఏ పేజీ చదివినా అందులో ఉన్నదే కరెక్టనిపిస్తుంది. పక్క పేజీలో దానికి వ్యతిరేకంగా ఉంటే అదీ కరెక్టే అనిపిస్తుంది. ఈ వయసులో విశ్లేషణ అలవడుతుందా? స్పోకెన్ ఇంగ్లిష్‌లో చేరమంటారా?
– ఒక గృహిణి

జవాబు: రెండు పేజీలూ కరెక్టనిపించాయంటే, మొదటిది పిటిషనర్ లాయరు వాదన, రెండోది ఎదుటి లాయరు వాదన అయ్యుంటుంది. ఇద్దరూ ఒప్పించడానికే మాట్లాడారు, మిమ్మల్ని ఒప్పించేశారు. అప్పటికి జడ్జి ఇంకా నోరు విప్పనే లేదు.

లా విద్యార్థుల్లో చాలామంది, కాలేజీ నుంచి నేరుగా వచ్చిన కుర్రాళ్లతో సహా, బోల్తా పడేది ఇక్కడే. లాయరు అన్న మాటను ‘కోర్టు చెప్పింది’ అని పరీక్షలో రాసేస్తారు. కాబట్టి పెన్సిల్ పట్టుకుని చదవండి. ‘కంటెండెడ్’, ‘సబ్మిటెడ్’ అని కనిపిస్తే అది లాయరు మాట. ‘వి హోల్డ్’, ‘ఇన్ అవర్ ఒపీనియన్’ దగ్గర కోర్టు గొంతు మొదలవుతుంది. మధ్యలో పాత తీర్పుల నుంచి ఎత్తి రాసిన పేరాలు వస్తాయి. అవి వేరే జడ్జీలవి. జడ్జి వాటిని ఒప్పుకున్నారా, పక్కన పెట్టారా అన్నది ఆ కింది పేరాలో ఉంటుంది. ప్రతి పేరా పక్కనా అది ఎవరి మాటో ఒక్క అక్షరంతో గుర్తు పెట్టుకోండి. మొదట్లో పది పేజీలకే సాయంత్రం గడిచిపోతుంది, పోనివ్వండి.

మీ పొరుగునే పుట్టిన కేసుతో మొదలుపెట్టండి. 1997 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గిరిజనేతరులకు ప్రభుత్వం ఇచ్చిన గనుల లీజులపై సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. ఏజెన్సీలో ఏ ‘వ్యక్తి’ అయినా భూమిని గిరిజనేతరులకు బదిలీ చేయకూడదని 1959 నాటి నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ చెబుతున్నాయి. మరి ఆ ‘వ్యక్తి’ కిందికి ప్రభుత్వం కూడా వస్తుందా? ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు వస్తుందన్నారు, లీజులు చెల్లవన్నారు. మూడో ఆయన రాదన్నారు.

దీన్ని తిరగేసి చదవండి, అంటే ముందు ఆ మూడో జడ్జి తీర్పు. చదివాక ‘ఇదీ నిజమే కదా’ అనిపిస్తుంది, అనిపించాలి కూడా. ఆ తర్వాత మెజారిటీ తీర్పుకెళ్లి, ఆయన వాదనకు వీళ్లు ఎక్కడ జవాబు చెప్పారో, దేన్ని తాకకుండా దాటేశారో వెతకండి. గిరిజన ప్రాంతాల పాలన గురించి చెప్పే రాజ్యాంగం ఐదో షెడ్యూల్ ఉద్దేశం మీద వాళ్లెంత బరువు పెట్టారో చూడండి. ఒకే నిబంధన, అవే వాస్తవాలు, ఇద్దరిదొక దారీ ఒకరిదొక దారీ ఎందుకయ్యాయన్నది మీ మాటల్లో ఒక అరపేజీ రాయండి. తెలుగులోనే రాయండి. తెలుగులో రాయలేకపోతున్నారంటే ఆ భాగం ఇంకా అర్థం కాలేదన్నమాట. మీరడిగిన విశ్లేషణ ఈ అరపేజీలోనే ఉంది, గైడులో ఇచ్చే మూడు లైన్ల సారాంశంలో ఉండదు.

తీర్పు మొదట్లో వచ్చే హెడ్‌నోట్‌ను దారి తెలియడానికి చూసుకోవచ్చు గానీ, అది తీర్పులో భాగం కాదు. రిపోర్టు తయారుచేసే ఎడిటర్లు రాసేది. సుప్రీంకోర్టు ఈ-ఎస్‌సీఆర్ సైట్‌లో తీర్పులు ఉచితంగా దొరుకుతాయి. కొన్నిటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. ఇంగ్లిష్ ప్రతి పక్కన పెట్టుకుని చదవడానికి పనికొస్తాయి గానీ, అధికారికంగా చెల్లేది ఇంగ్లిష్ ప్రతే.

పొద్దున్నే పేపర్ మీద కూడా ఈ పెన్సిల్ పెట్టండి. ‘హైకోర్టు ఆగ్రహం’ అని హెడ్డింగ్ ఉంటుంది. లోపలికెళ్తే అది విచారణలో జడ్జి నోటిమాటగా అన్నది, ఉత్తర్వు ఏమీ ఉండదు, కేసు వాయిదా పడి ఉంటుంది. నోటిమాట ఏది, ఉత్తర్వు ఏది, విలేకరి సొంత మాట ఏది, వేరుచేసి చూడండి. కాఫీ చల్లారేలోపు అయిపోయే పని.

ఇక వయసు సంగతి. లాసెట్‌కు గరిష్ఠ వయోపరిమితి లేదు, ఆ పరీక్ష మీరు రాసి గట్టెక్కేశారు కూడా. ఇరవై ఏళ్ల కుర్రాడికి లేనిది మీకొకటుంది. ఇంట్లో ఆస్తి పంపకాల దగ్గరో, అపార్ట్‌మెంట్ మీటింగ్‌లోనో ఇద్దరి మాటా విని ‘ఇందులో అసలు గొడవ ఇదీ’ అని తేల్చిన సందర్భాలు మీకు ఉండే ఉంటాయి. తీర్పులో ‘ఇష్యూ’ అనేది అదే.

స్పోకెన్ ఇంగ్లిష్‌లో ఇప్పుడు చేరకండి. అక్కడ నేర్పేది మాట్లాడటం, మీకు కావాల్సింది చదవడం. ఆ ఫీజులో కొంత పెట్టి మంచి లా డిక్షనరీ ఒకటి, ఫస్టియర్ సబ్జెక్టుల బేర్ యాక్టులు (వ్యాఖ్యానం లేకుండా చట్టం పాఠం మాత్రమే ఉండే పుస్తకాలు) కొనుక్కోండి. కోర్టులో నిలబడి మాట్లాడాల్సిన రోజులు మూట్ కోర్టులతో, అంటే కాలేజీలో పెట్టే నమూనా కోర్టులతో, వస్తాయి. కోర్సు విషయం అప్పుడు చూద్దాం.