మాస్టారికి శాలువా ఒక్కటి చాలు, పిల్లలకు వెయిట్‌లిఫ్టింగ్ బార్ కొనండి

ప్రశ్న: ముప్పై ఏళ్లుగా మా ఊరి పిల్లలకు పైసా తీసుకోకుండా వెయిట్‌లిఫ్టింగ్ నేర్పిన మాస్టారు ఇక చాలించుకుంటున్నారు. శిష్యులు చాలామంది ఆర్మీ, రైల్వే, పోలీసు ఉద్యోగాల్లో ఉన్నారు. సంక్రాంతికి సన్మానం చేయాలని ఉంది. ఎలా చేస్తే బాగుంటుంది? – పూర్వ శిష్యులు, నెల్లిమర్ల మండలం

జవాబు: ముందు తేదీ ఖాయం చేయండి. కనుమనాడు ఎవరిళ్లలో వాళ్లకు చుట్టాలుంటారు కాబట్టి ముక్కనుమ పొద్దున్న నయం. అక్టోబరు నెలాఖరుకల్లా అందరికీ కబురు వెళ్లాలి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది, పండగ బెర్తులు ఎంతోసేపు మిగలవు.

అన్నిటికంటే ముఖ్యం శిష్యుల రిజిస్టరు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లేశ్వరి స్నాచ్‌లో (బరువును ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా తెచ్చి, ఆపైన తలపైకి ఎత్తడం) 130, కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఆమదాలవలస దగ్గర ఆమెకు మొదట శిక్షణ ఇచ్చిన నీలంశెట్టి అప్పన్న గారి పేరు ఎందరికి తెలుసు? పిల్లలు పెద్ద అకాడమీకి వెళ్లాక అక్కడి కోచ్ పేరే కాగితాల మీద నిలుస్తుంది. అందుకే ఒక్కొక్కరికి ఒక్కో వరస రాయండి: ఏ ఏడు చేరారు, స్నాచ్ ఎంత, క్లీన్ అండ్ జెర్క్ ఎంత, ఇప్పుడెక్కడున్నారు. పతకం రాక మధ్యలో మానేసినవాళ్లనూ రాయాలి, వాళ్లకూ నేర్పింది ఆయనే. పెళ్లయి వెళ్లిన ఆడపిల్లలే ఎక్కువగా జారిపోతుంటారు. ఇంటిపేరు మారి ఉంటుంది కాబట్టి పుట్టింట్లో అడిగి, పిల్లలతో సహా రమ్మని పిలవండి.

తలా ఒక శాలువా తెస్తే బీరువా నిండుతుంది, అంతే. అందరి తరఫునా ఒక్కటి కప్పి, మిగతా డబ్బుతో ఆడపిల్లల బార్ (బరువుల ప్లేట్లు తగిలించే కడ్డీ) కొనండి. ఊళ్లలో తరచూ 20 కిలోల మగవాళ్ల బార్ ఒక్కటే ఉంటుంది, దాని మందం 28 మిల్లీమీటర్లు. చిన్న చేతులకు బొటనవేలి మీదుగా వేళ్లు చుట్టిపట్టే హుక్ గ్రిప్ అందక బార్ జారుతుంది. ఆడవాళ్ల బార్ 15 కిలోలు, 25 మిల్లీమీటర్లు. దాంతోపాటు 5 కిలోలే అయినా 45 సెంటీమీటర్ల వ్యాసం ఉండే శిక్షణ ప్లేట్ల జత తీసుకోండి. చిన్న ఇనుప ప్లేట్లు వేస్తే బార్ నేలకు మరీ దగ్గరగా ఉంటుంది, పిల్ల వీపు వంచి ఎత్తడం అలవాటు చేసుకుంటుంది, ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం. బార్ గరుకులో చిక్కిన, పట్టు కోసం చేతులకు రాసుకునే చాక్ పొడి చెమ్మ పట్టి తుప్పు తెస్తుంది. నైలాన్ బ్రష్‌తో దులిపి, పల్చగా నూనె రాయాలి. మాస్టారి పేరు బార్ మీద చెక్కించకండి, స్టాండు మీద రాయించండి.

ఆ పొద్దున్న పిల్లలు ఎత్తి చూపిస్తే ఆయనకు అంతకంటే సంతోషం ఉండదు. అది టెంటు హౌసు వేదిక మీద మాత్రం వద్దు, పైనుంచి బార్ పడితే పలకలు విరుగుతాయి. మీరు సాధన చేసే 4 మీటర్ల ప్లాట్‌ఫారం దగ్గరే జరపండి. ప్రసంగాలు మూడు చాలు, అవీ శిష్యులవే.

ప్రశ్న: మాస్టారికి కొంత డబ్బు కూడా ఇవ్వాలనుకుంటున్నాం. వేదిక మీదే ఇవ్వమంటారా?

జవాబు: వద్దు. అందరి ముందూ అంకె చదివితే ఆయన ఇబ్బంది పడతారు, ఆ మర్నాటి నుంచీ అప్పులడిగేవాళ్లు వస్తారు. ఆయనకు 60 దాటి ఉంటే, ముందే ఇంట్లో మాట్లాడి, పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ పొదుపు పథకంలో ఆయన పేరనే వేయించండి. గడువు 5 ఏళ్లు, వడ్డీ మూడు నెలలకోసారి చేతికొస్తుంది. చందాలకు ఇద్దరి సంతకాలతో ఖాతా తెరిచి, ఎవరెంత ఇచ్చారో బయటపెట్టకుండా, మొత్తం జమాఖర్చు మాత్రం అందరికీ పంపండి.