సరిహద్దు ఊళ్లో మా భజన మందిరం పోకెస్టాప్ ఎలా అయింది

మహారాష్ట్రలోని సిరొంచ నుంచి మీరు అడిగిన ప్రశ్న చదివాను. హనుమంతుడి గుడి, ప్రాణహిత ఒడ్డున ఘాటు, రావిచెట్టు కింది అరుగు, ఈ మూడింటినీ పోకెస్టాప్‌లుగా, అంటే ఫోనులో ఆడే పోకెమాన్ గో ఆట పటంలో ఆటగాళ్లు ఆగే చోట్లుగా చేర్చమని పంపితే మూడూ తిరస్కరణకు గురయ్యాయని, పేర్లు తెలుగులో రాయడమే తప్పా అని అడిగారు. నేను ఒడిశాలోని పర్లాకిమిడి మనిషిని. మాకూ మీలాగే ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరో భాష. కొన్నేళ్లుగా మా చుట్టుపక్కల చోట్లను పంపుతూనే ఉన్నాను. కొన్ని ఆమోదం పొందాయి, కొన్ని పోయాయి. తెలుగులో రాసినందుకు పోయినది మాత్రం నాకు ఒక్కటీ ఎదురుకాలేదు. పోయినవన్నీ నేను సరిగా చూపించలేక పోయినవే.

మనం పంపినదాన్ని ఎవరు చూస్తారో ముందు తెలుసుకోవాలి. వేఫేరర్ అనే వెబ్‌సైటులో మనలాంటి ఆటగాళ్లే సమీక్షకులుగా కూర్చుని ఓట్లు వేస్తారు. కొన్నింటిని మనుషుల దాకా రాకుండా యంత్రమే తేల్చేస్తుంది. మా వాటిని చూసేవారు బరంపురంలోనో విశాఖలోనో ఉండవచ్చు, మీ వాటిని చూసేవారు చంద్రపూర్‌లోనో మంచిర్యాలలోనో ఉండవచ్చు. మన ఊరికి వాళ్లు ఎన్నడూ వచ్చి ఉండరు. వాళ్ల ముందు ఉండేవల్లా రెండు ఫొటోలు, ఒక పేరు, నాలుగు వాక్యాల వివరణ, సమీక్షకుల కోసం మనం విడిగా రాసే సమాచారం, ఉపగ్రహ పటం మీద ఒక గుర్తు. అంతే. ఊరివాళ్లకు చెప్పనక్కరలేని సంగతులన్నీ వాళ్లకు చెప్పాలి.

ఈ మాట నాకు మా వీధి భజన మందిరం నేర్పింది. కొంచెం వివరంగా చెబుతాను, మీ హనుమంతుడి గుడికి కూడా పనికొస్తుంది.

మా మందిరానికి గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. పెంకుల కప్పు, రెండు పక్కలా ఇళ్లతో కలిసిపోయిన గోడలు, రెండు మెట్లు, పచ్చరంగు తలుపు. లోపల సీతారాముల పటం, హార్మోనియం, గోడకు తగిలించిన తాళాలు. శనివారం సాయంత్రం భజన, కార్తికంలో ఏకాహం. మొదటిసారి ఒక మధ్యాహ్నం తలుపు మూసి ఉండగా ఎదురుగా నిలబడి ఫొటో తీశాను. పేరు ‘రామమందిరం’ అని పెట్టాను. వివరణలో ‘ఎంతో పురాతనమైన, మహిమగల మందిరం’ అని రాశాను. కొన్ని వారాల తర్వాత, ఇది ప్రైవేటు నివాసం అన్న కారణంతో తిరస్కరించారు. చాలా బాధపడ్డాను. తర్వాత ఒక రాత్రి ఆ ఫొటోను, మా ఊరి పేరు కూడా వినని మనిషి చూసినట్టు చూశాను. మూసిన తలుపు, పెంకులు, పక్కింటివాళ్లు ఆరేసిన చీర. చూసినవారెవరైనా ఇల్లే అనుకుంటారు.

రెండోసారి సాయంత్రం వెళ్లాను. తలుపు పక్కన గోడలో జానెడు వెడల్పు రాతి పలక ఒకటి ఉంది. ఏటా సున్నం వేసి వేసి అక్షరాలు పూడిపోయాయి. చిన్నప్పటి నుంచి ఆ మెట్ల మీద ఆడుకున్నవాణ్ణే అయినా దాని మీద రాత ఉందని నాకు తెలియదు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు అది తెల్లటి రాయి, అంతే. ఐదు దాటాక ఎండ ఏటవాలుగా గోడ వెంబడి పాకినప్పుడు ఒక్కో అక్షరం అంచున సన్నటి నీడ కట్టింది. ముందు ‘శ్రీరామ’ కనిపించింది. కింది వరుసలో ‘ధాత నామ సంవత్సరం’. ఐదారు నిమిషాల్లో ఎండ పోయింది, అక్షరాలూ పోయాయి. ఆ ఐదారు నిమిషాల్లో చదివిన రాతే చివరికి మందిరాన్ని నిలబెట్టింది.

ధాత అంటే 1936–37 కావచ్చు, 1996–97 కావచ్చు. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి కదా. ఏ చుట్టుదో రాయి చెప్పదు. నేను గోడ దగ్గర వంగి చూస్తుంటే ఎదురింటి తాతగారు బయటికి వచ్చారు.

“ఏమిటి బాబూ, అక్కడ వెతుకుతున్నావు?”

“ఈ రాయి ఎప్పటిది, తాతగారూ?”

“మా నాన్న వాళ్లు పెట్టించినది. ఊరు ఒడిశాలో కలిసిన ఏడు అనేవాడు ఆయన.”

ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న. ధాత అదే ఏడు ఉగాదికి మొదలైంది. తాతగారి మాట, రాతి మీది మాట అలా ఒకదానికొకటి అతికాయి. నాకు ఒళ్లు పులకరించింది. ఊరు కొత్త రాష్ట్రంలో కలిసిన ఆ ఏడే మా వీధివాళ్లు తెలుగులో ఒక రాయి చెక్కించి భజనకు చోటు కట్టుకున్నారన్నమాట.

మూడోసారి శనివారం వెళ్లి, తలుపు తెరిచి ఉన్నప్పుడు ప్రధాన ఫొటో తీశాను. భజనకు వచ్చినవాళ్ల ముఖాలు పడకుండా అందరూ లోపలికి వెళ్లేదాకా ఆగాను. గర్భగుడి లాంటి చోటును తీయడం నాకు ఇష్టం లేదు, అక్కరా లేదు. గుమ్మం, మెట్లు, రాతి పలక చాలు. రెండో ఫొటో పరిసరాలను చూపేది. దాన్ని వీధికి అవతలి నుంచి, పక్కనున్న నీళ్ల ట్యాంకు కూడా పడేలా తీశాను. ఎందుకంటే పెంకుల కప్పు చెట్టు నీడలో ఉపగ్రహ పటంలో కనిపించదు, ట్యాంకు మాత్రం గుండ్రంగా స్పష్టంగా కనిపిస్తుంది. మన ఊళ్లలో గూగుల్ వీధి చిత్రాలు అన్ని వీధులకూ దొరకవు గనుక, సమీక్షకుడు ట్యాంకును పట్టుకుని మందిరం దాకా రావాలి. గుర్తును సరిగ్గా మెట్ల మీద పెట్టాను. వివరణలో మహిమ, పురాతనం అన్న మాటలు తీసేసి, ‘వీధివాసులు 1936–37 ప్రాంతంలో నిర్మించుకున్న భజన మందిరం. ద్వారం పక్కన తెలుగు శిలాఫలకం ఉంది. శనివారాలు భజన, కార్తికంలో ఏకాహం జరుగుతాయి’ అని రాశాను. సమీక్షకుల సమాచారంలో రాతి మీది రెండు వరుసలను ఒడియాలోకీ ఇంగ్లీషులోకీ మార్చి ఇచ్చాను. గోడలు ఇళ్లతో కలిసి ఉన్నా ఇందులో ఎవరూ నివసించరని, పగలంతా ఎవరైనా లోపలికి రావచ్చని స్పష్టంగా చెప్పాను. ఆ విడత ఆమోదించారు.

ఇక భాష సంగతి. పేరును ఊరివాళ్లు పిలిచినట్టే రాయండి, తెలుగులోనే రాయండి. దాని పక్కనే స్థానిక లిపిలో, ఇంగ్లీషు అక్షరాల్లో కూడా ఉంటే సమీక్షకుడు బోర్డుతో పోల్చుకోగలడు. మీ దగ్గర గుడి మీద మరాఠీ బోర్డు ఉండి, మీరు తెలుగులో మరో పేరు రాస్తే, అవి రెండూ ఒకే చోటు అని తెలియక కాదనవచ్చు. బోర్డు మీది పేరు ముందు, మీరు ఇంట్లో పిలిచే పేరు తర్వాత పెట్టి చూడండి. దీని మీద నాకు గట్టి పట్టింపు ఉంది: మన చోట్లకు మన నోటి పేర్లు పటంలో ఉండాలి. మందిరం పోకెస్టాప్ అయిన కొన్నాళ్లకు ఇక్కడి కళాశాలలో చదివే ఒడియా అబ్బాయి ఒకడు ఆ మెట్ల దగ్గర ఆగి, ఫోనులో వివరణ చూసి, ఏకాహం అంటే ఏమిటని నన్ను అడిగాడు. ఒక రోజంతా ఆపకుండా చేసే నామస్మరణ అని చెబితే, తమ ఊళ్లోనూ అలాంటిది ఉందని దాని పేరు చెప్పాడు. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఎంత ప్రేమ ఉన్నా కుదరనివి కొన్ని ఉన్నాయి, వాటి మీద శ్రమ పెట్టకండి. గిడుగు రామమూర్తి గారు 1880లో ఇక్కడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. సవర అనే గిరిజన భాష నేర్చుకుని దాని కోసం జీవితం ధారపోసింది ఈ ఊళ్లో ఉన్నప్పుడే. ఊరు ఒడిశాలో కలిశాక రాజమండ్రికి తరలిపోయారు. ఆయన జ్ఞాపకంగా ఒక పాఠశాలను పంపాలని ఎంతగానో అనుకున్నాను. కానీ పన్నెండో తరగతి వరకు పిల్లలు చదివే బడి ఆవరణలో ఏదీ పెట్టరు. పిల్లల భద్రత కోసం పెట్టిన నియమం అది, దాన్ని నేను గౌరవిస్తాను. డిగ్రీ కళాశాలలకు ఆ అడ్డు లేదు. అలాగే మా ఊరు కొమ్ముతో చేసే బొమ్మలకు పేరుపొందింది. కొంగలు, రొయ్యలు, దేవుళ్లు, ఒక్కో బొమ్మ నునుపు చూస్తే చేతితో తాకాలనిపిస్తుంది. ఒక కళాకారుడి పని చోటును పంపాను. ఆయన పని చేసేది ఇంటి వసారాలో, కాబట్టి అది ప్రైవేటు నివాసమే. సరైన నిర్ణయమే. తెలియనివాళ్లు ఫోనులు పట్టుకుని ఆయన వసారా ముందు గుమిగూడితే ఆయనకే ఇబ్బంది. రథయాత్ర రథం, వినాయకుడి పందిరి తాత్కాలికమైనవి, పనికిరావు. ఏడాది పొడవునా ఉండే మండపం ఉంటే దాన్ని పంపవచ్చు. కూడలి మధ్య విగ్రహాలతో ఇంకో చిక్కు ఉంది. నడిచివెళ్లే మనిషి లారీలకు అడ్డం పడకుండా చేరుకునే దారి ఉండాలి. దారి ఉంటే ఆ దారిని రెండో ఫొటోలో చూపండి. ఆసుపత్రి, అగ్నిమాపక కేంద్రం లాంటి చోట్ల అత్యవసర సేవలకు అడ్డువచ్చేవి అసలు వద్దు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియక నిరాశపడతారు. ఆమోదం వచ్చినంత మాత్రాన పోకెమాన్ గోలో కనిపించాలని లేదు. భూమిని ఎస్2 అనే పద్ధతిలో చిన్నా పెద్దా గడులుగా విభజించి, పదిహేడో స్థాయి గడికి సాధారణంగా ఒక్కటే చూపిస్తారు. ఆ గడి అటూ ఇటూ డెబ్బై ఎనభై మీటర్లు ఉంటుంది. ఆ గడిలో ముందే ఒకటి ఉంటే మీది ఈ ఆటలో రాకపోవచ్చు. అయితే పోకెమాన్ గోను తయారుచేసిన నియాంటిక్ సంస్థే 2012లో మొదలుపెట్టిన ఇంగ్రెస్ అనే మరో ఆటలో రావచ్చు. పద్నాలుగో స్థాయి గడి ఇంకా పెద్దది. అందులో రెండు చోట్లు చేరితే ఒకటి జిమ్, అంటే ఆటగాళ్లు పోటీపడే చోటు అవుతుంది, ఆరు చేరితే రెండో జిమ్, ఇరవైకి మూడోది. అందుకే పంపే ముందు ఇంగ్రెస్ పటం తెరిచి చుట్టూ ఏమున్నాయో చూసుకోండి. మా దగ్గర ఒకే గడిలో నాలుగు గుళ్లు ఉన్న వీధి ఉంది, దాని పక్క గడిలో ఒక్కటీ లేదు. ఖాళీ గడిలోని పార్కు ఉయ్యాలల దగ్గర నుంచి మొదలుపెట్టడమే మేలైంది.

వివరణలో ఆట పేరు, ‘దయచేసి ఆమోదించండి’, ‘మా ఊళ్లో ఒక్కటీ లేదు’ లాంటి మాటలు రాయకండి. ఊళ్లో లేకపోవడం ఆ చోటు గొప్పదనం కాదు కదా. కొత్త చోట్లను చూడటానికి, వ్యాయామానికి, నలుగురు కలుసుకోవడానికి, ఈ మూడింటిలో దేనికి పనికొస్తుందో చెబితే చాలు. ఇంటర్నెట్ నుంచి తీసిన ఫొటో ఒక్కటి పెట్టినా పోతుంది. తిరస్కరణ అన్యాయమని నిజంగా అనిపిస్తే అప్పీలుకు అవకాశం ఉంది. అయితే అది లెక్కపెట్టి ఇచ్చేది కాబట్టి, కొత్త ఫొటోతో సరిపోయేదాని మీద ఖర్చు చేయవద్దు. మన ప్రాంతాల్లో సమీక్షకులు తక్కువ, నెలలు పట్టవచ్చు. మీరు కూడా వేఫేరర్ పరీక్ష రాసి సమీక్షకుడిగా చేరండి. ఇతరుల ఫొటోలు ఒక వందో రెండు వందలో చూస్తే మన ఫొటోలో లోపం దానంతట అదే కనిపిస్తుంది. నాకు అలాగే కనిపించింది.

ఇప్పుడు మీ మూడింటి సంగతి. రావిచెట్టును చెట్టుగా పంపితే అది ప్రకృతి సహజం, ఒప్పుకోరు. అరుగునే ప్రధానంగా చూపండి, దాని మీద నాగప్రతిమ ఉన్నా, కట్టించిన ఏడు రాసి ఉన్నా దగ్గరి నుంచి తీయండి. చెట్టు వెనక ఉంటే చాలు. హనుమంతుడి గుడికి, తలుపు తెరిచిన వేళ, బోర్డు కనిపించేలా, పక్కన ఇళ్లకూ గుడికీ తేడా తెలిసేలా మళ్లీ తీయండి. మీ ఊళ్లోనూ ఆ గుడి కట్టిన సంగతి తెలిసిన పెద్దవారు ఒకరైనా ఉంటారు, ఫోను జేబులో పెట్టుకుని ముందు వారి దగ్గర కూర్చోండి.

ఘాటు అన్నింటికంటే బలమైనది అని నా నమ్మకం. ప్రాణహిత నది ఒక్కటే అయితే కుదరదు, మెట్లు మనిషి కట్టినవి కాబట్టి కుదురుతుంది. 2022 ఏప్రిల్ పుష్కరాలకు వేసిన పందిళ్లు ఉన్న పాత ఫొటో మాత్రం వాడకండి, తాత్కాలికం అనుకుంటారు. ఎండాకాలంలో నీరు తగ్గాక, పొద్దున్నే, పై మెట్టు నుంచి కాకుండా ఇసుకలోకి దిగి నది వైపు నుంచి తీయండి. అప్పుడు కింది మెట్ల దాకా మొత్తం వరుస ఒకే ఫొటోలో పడుతుంది. తీశాక పంపే ముందు ఇక్కడ పెట్టండి, నేను చూస్తాను.