అబ్బాయి సంగతి సరే, ముందు మీ ఊపిరితిత్తులు చూపించుకోండి

ప్రశ్న: 1980ల్లో యుద్ధనౌకల బాయిలర్ రూముల్లో పనిచేశాను. మా అబ్బాయి నేవీ ఇంజనీరింగ్ బ్రాంచికి వెళ్తానంటున్నాడు. ఆస్బెస్టాస్ గురించి చదివాక భయమేస్తోంది. నాకూ ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం, వయసు వల్లే అనుకుంటున్నాను. వాణ్ని మర్చంట్ నేవీకి పంపడం మేలా?

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. అడిగేది పిల్లల గురించి, లోపలి దిగులు మాత్రం తమ గురించి.

మీ కాలపు ఆవిరి నౌకల్లో పైపులకు వేడి పోకుండా చుట్టే లాగింగ్, వాల్వుల ప్యాకింగ్, గాస్కెట్లు చాలావరకు ఆస్బెస్టాస్‌వే. పైపుల్ని కలిపే ఫ్లాంజ్ విప్పి, మధ్యలో అంటుకుపోయిన గాస్కెట్‌ను వైర్ బ్రష్‌తో గీకిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ దుమ్ములో కంటికి కనపడని పోగులుంటాయి. వాటిని పీల్చడం వల్ల వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్ బయటపడటానికి 20 నుంచి 50 ఏళ్లు పడుతుంది. అమెరికా నేవీకి అధిపతిగా చేసిన అడ్మిరల్ ఎల్మో జుమ్వాల్ట్ 2000లో దానితోనే చనిపోయారు.

ఇంత చదివి కూడా ఆయాసాన్ని వయసు మీదకు నెట్టేస్తారా? ఇది తప్పండీ. మీ ఆయాసం ఆస్బెస్టాస్ వల్లేనని నేననడం లేదు, గుండె వల్ల కూడా కావచ్చు. కానీ బాయిలర్ రూమ్ మాట మీరు చెప్పకపోతే డాక్టరుకు ఎలా తెలుస్తుంది? ఏ నౌకలో, ఏ ఏళ్లలో, ఏం పని చేశారో కాగితం మీద రాసుకుని ఛాతీ వైద్యుణ్ని కలవండి. సిగరెట్ అలవాటుంటే ఇవాళే మానేయండి. ఆస్బెస్టాస్‌కు పొగ తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇక అబ్బాయి. మీరు పీల్చిన గాలి అతని వాటాకు రాదు, కొత్త నౌకల్లో ఆ వాడకం చాలావరకు పోయింది. పాత నౌకలో పోస్టింగు పడితే ఆస్బెస్టాస్ ఎక్కడెక్కడుందో చూపే రిజిస్టర్ అడగమనండి. చెక్కుచెదరని లాగింగ్‌తో ప్రమాదం తక్కువ. కోసినా గీకినా అసలు ముప్పు. ఆ పని శిక్షణ పొందినవాళ్లే చేయాలి, మామూలు గుడ్డ మాస్కు పనికిరాదు. పనిలో వేసుకున్న ఓవరాల్ దుస్తులు ఇంటికి తేనే కూడదు. షిప్‌యార్డ్ కార్మికుల బట్టలుతికిన భార్యలకూ ఈ జబ్బు వచ్చింది.

మర్చంట్ నేవీ అంటారా, కాగితం మీద దానిదే పైచేయి. సోలాస్ అనే అంతర్జాతీయ ఓడల భద్రతా ఒప్పందపు నిబంధనలు ఓడల్లో కొత్తగా ఆస్బెస్టాస్ అమర్చడాన్ని 2002 జులై నుంచి కొన్ని మినహాయింపులతో, 2011 జనవరి నుంచి పూర్తిగా నిషేధించాయి. అవి యుద్ధనౌకలకు వర్తించవు. అయినా నాకు పూర్తి నమ్మకం లేదు. ఆస్బెస్టాస్ లేదని సర్టిఫికెట్ ఉన్న విడిభాగాల్లోనూ అది బయటపడిన సందర్భాలున్నాయి. పైగా కాంట్రాక్టు మారితే ఓడ, యజమాని, జెండా (అంటే ఓడ రిజిస్టరైన దేశం) కూడా మారొచ్చు. ముప్పై ఏళ్ల తర్వాత జబ్బు చేస్తే ఎవరిని అడగాలి? నేవీలోనైతే సర్వీసు రికార్డు ఒకచోట ఉంటుంది. జీతం లెక్క చెప్పేవాళ్లు ఈ మాట చెప్పరు.

అబ్బాయిని ఆపకండి. మీ పరీక్షలయ్యాక మళ్లీ రాయండి, బ్రాంచి ఎంపిక గురించి అప్పుడు తీరిగ్గా మాట్లాడుకుందాం.