లంకావికి ఒక్కడివే వెళ్లే ముందు

నాయనా మస్తాన్,

ఏదైనా దీవికి ఒక్కడివే వెళ్లి ఐదు రోజులు చెట్లూ నీళ్లూ చూసుకుంటూ ఉండాలనుందని, హలాల్ తిండికి వెతుకులాట ఉండకూడదని అడిగావు. మాల్దీవులా, మలేషియాలోని లంకావీనా అన్నావు. లంకావికే వెళ్లు. మాల్దీవుల్లో తిండికి బెంగ లేదు గానీ అక్కడ ఉన్నదంతా సముద్రమే. ఈత మీద పెద్ద మోజు లేనివాడివి, మూడో రోజుకు నీకు తోచదు. లంకావిలో కొండ, అడవి, మడ అడవి, వరిపొలం, సముద్రం అన్నీ ఒక్క దీవిలోనే ఉన్నాయి. నీళ్లు మాత్రం ఫొటోల్లో కనిపించే నీలం కాదు, కాస్త పచ్చగా, మసకగా ఉంటాయి. ఇది ముందే తెలుసుకుని వెళ్లు.

అక్కడ పొడి రోజులు డిసెంబరు నుంచి మార్చి దాకా. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వానలు జోరు, వద్దు. పొడి రోజుల్లోనూ ఒక మెలిక ఉంది. ఫిబ్రవరి దాటితే జలపాతాలు సన్నబడి, రాళ్ల మీద తడి మాత్రమే మిగులుతుంది. పోనీ డిసెంబరు మొదట్లో వెళ్దామంటే మన చెన్నైలో తుపాన్ల కాలం. 2023 డిసెంబరు 4న మిచౌంగ్ వచ్చినప్పుడు మీనంబాక్కం విమానాశ్రయమే మూసేశారు. అందుకని పొంగల్ సెలవులు అయ్యాక వచ్చే వారం చూసుకో. అడవిలో తడి ఇంకా ఉంటుంది, టికెట్ల రద్దీ తగ్గుతుంది. చైనా కొత్త సంవత్సరం ఏ తేదీన పడుతుందో చూసి, ఆ వారం తప్పించు. ఆ రోజుల్లో గదుల ధరలు బాగా పెరుగుతాయి. ఇంకో కొన్నేళ్లు రంజాన్ కూడా ఈ పొడి నెలల్లోనే వస్తుంది, దాన్నీ లెక్కలో పెట్టుకో.

చెన్నై నుంచి కౌలాలంపూర్‌కు దాదాపు నాలుగు గంటలు, అక్కడి నుంచి లంకావికి గంట. రెండు ప్రయాణాలూ ఒకే టికెట్ మీద తీసుకుంటే మేలు. ధర తక్కువని విడివిడిగా తీస్తే కౌలాలంపూర్‌లో పెట్టె దింపుకుని, మళ్లీ చెకిన్ చేయాలి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే డబ్బులు తిరిగి రావు. ఇమిగ్రేషన్ కూడా కౌలాలంపూర్‌లోనే, ఆ క్యూ ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. విడి టికెట్లయితే మధ్యలో కనీసం నాలుగు గంటలు ఉంచు. టెర్మినల్ కూడా చూసుకో. ఎయిర్ ఏషియా రెండో టెర్మినల్, మలేషియా ఎయిర్‌లైన్స్ ఒకటోది. రెంటి మధ్య రైలు ఉంది, మూడు నిమిషాల్లో చేరుస్తుంది. కానీ ఆ సంగతి అప్పటికప్పుడు తెలిస్తే కంగారు పడతావు.

భారతీయులకు 30 రోజుల లోపు వీసా అక్కర్లేదన్న వెసులుబాటు 2026 డిసెంబరు 31 దాకా ప్రకటించారు. ఆ తర్వాతి జనవరి అయితే టికెట్ తీయకముందే నిబంధన మళ్లీ చూడు. దిగే రోజుకు మూడు రోజుల ముందు నుంచి మలేషియా డిజిటల్ అరైవల్ కార్డు నింపవచ్చు. అది ఉచితం. డబ్బు అడిగే సైటు తగిలిందంటే అది సర్కారుది కాదు, వెనక్కి వచ్చేయి. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు, తిరుగు టికెట్, గది బుకింగ్ కాగితం చేతిలో ఉండాలి.

ఐదు రాత్రులూ ఒక్కచోటే బస పెట్టు. దీవి చిన్నదే, ఎటు వెళ్లినా సాయంత్రానికి తిరిగి రావచ్చు. మూటాముల్లె సర్దుకుని రెండు హోటళ్లు మారితే ఒకటిన్నర రోజు దానికే పోతుంది. చెనాంగ్ తీరం పేరున్నదే, కానీ అక్కడ జనం, జెట్‌స్కీల మోత ఎక్కువ. లంకావి సుంకం లేని దీవి కాబట్టి మద్యం కారుచౌక, బార్లు ఎక్కువగా ఆ వీధిలోనే. దాని పక్కనే ఉన్న తెంగా తీరం నెమ్మదిగా ఉంటుంది. తీరం అక్కర్లేదనుకుంటే పాదాంగ్ మత్సిరాత్ వైపు పొలాల మధ్య గెస్ట్‌హౌస్‌లు ఉన్నాయి. నిన్ను ఎరిగినవాణ్ని గనక ఆ పొలాల వైపే నీకు నప్పుతుందంటాను. బుక్ చేసే ముందు మూడు ప్రశ్నలు రాసి అడుగు: మసీదు నడిచే దూరంలో ఉందా, వంటగదికి హలాల్ సర్టిఫికెట్ ఉందా, ఆవరణలో మద్యం అమ్ముతారా. విదేశీయులు గదికి రాత్రికి 10 రింగిట్లు టూరిజం పన్ను విడిగా కట్టాలి. ఒక రింగిట్ మన 20 రూపాయల పైచిలుకు.

ఇక తిండి. ప్రభుత్వ శాఖ ‘జాకిమ్’ ఇచ్చే గుండ్రటి హలాల్ ముద్ర గోడ మీద ఉంటే నిశ్చింతగా కూర్చో. ముద్ర లేని చిన్న మలయ్ హోటళ్లు కూడా చాలావరకు ముస్లింలవే, అడిగితే చెప్తారు. జాగ్రత్త పడాల్సింది ‘నో పోర్క్, నో లార్డ్’ (పంది మాంసం, పంది కొవ్వు లేవు) అన్న బోర్డు దగ్గర. పంది లేదన్నంత మాత్రాన కోడి జబీహా అయిందని (ఇస్లాం పద్ధతిలో కోశారని) కాదు, వంటలో వైన్ పడలేదనీ కాదు. ఇంకో సంగతి చాలామంది గమనించరు. మలేషియావాళ్లు షాఫయీ మజ్హబ్ (ధర్మశాస్త్ర శాఖ), వాళ్లకు సముద్రంలో దొరికేదంతా హలాలే. మన ఇళ్లలో హనఫీ. పీత (కెతామ్), స్క్విడ్ (సోతోంగ్) మనం తినం. హలాల్ ముద్ర ఉన్న హోటల్లోనూ అవి ఉంటాయి. కలిపి వండిన వేపుడు అన్నం, నూడుల్స్ చెప్పేటప్పుడు ‘సోతోంగ్ వద్దు’ అని ముందే చెప్పు. చేపకు ‘ఇకాన్’ అనాలి. బొగ్గుల మీద కాల్చిన ‘ఇకాన్ బకార్’ నీకు సరిపోతుంది. పొద్దున రోటీ చనాయ్ తిను, మన పరోటాకు తమ్ముడే. మామాక్ హోటళ్లు తమిళ ముస్లింలవి, నీ చెన్నై తమిళం అక్కడ చక్కగా పనికొస్తుంది. రాత్రి సంత రోజుకో ఊళ్లో జరుగుతుంది. బుధ, శనివారాలు కువా పట్నంలో, గురువారం చెనాంగ్ దగ్గర తెమోయోంగ్‌లో. అక్కడ కార్డు పనిచేయదు, చిల్లర నోట్లు ఉంచుకో.

నమాజు వేళలు మన లెక్కకు అందవు. గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు, కానీ దీవి ఆ దేశానికి పడమటి కొసన ఉంది. జనవరిలో ఏడున్నరకు గానీ సూర్యుడు రాడు, సూర్యాస్తమయపు నమాజు మగ్రిబ్ కూడా సాయంత్రం ఏడు దాటాకే. మధ్యాహ్నపు జొహర్ ఒకటిన్నర ప్రాంతం. అక్కడ సాయంకాలపు అసర్ అజాన్ షాఫయీ లెక్కన వినిపిస్తుంది, హనఫీ వేళ ఇంచుమించు గంట తర్వాత. ఫోన్ యాప్‌లో హనఫీ అని మార్చుకో. పదిహేను రోజుల లోపు ఉండే ప్రయాణికుడివి, ముసాఫిర్‌వి కాబట్టి ఒక్కడివే చదివితే నాలుగు రకాతుల ఫర్జ్ (తప్పనిసరి నమాజు) రెండే, అక్కడి ఇమాం వెనక నిలబడితే నాలుగూ. హోటల్ గది సీలింగ్ మీద ఖిబ్లా (మక్కా దిక్కు) బాణం గుర్తు ఉంటుంది. పల్చటి నమాజు చాప (జానమాజ్) ఒకటి సంచిలో పెట్టుకో.

రోజుకు ఒక్క పని పెట్టుకో, అదీ పొద్దున్నే. దిగిన రోజు ఏమీ వద్దు, రాత్రి విమానంలో నిద్ర ఉండదు.

అన్నిటికన్నా విలువైనది కిలిం మడ అడవి. మన కోరింగ చూసినవాడివి, అయినా ఇది వేరు. మడ చెట్ల వెనకే సున్నపురాతి కొండలు నీళ్లలోంచి నిట్టనిలువుగా లేస్తాయి. మోటారు పడవ కన్నా కయాక్ యాత్ర తీసుకో. ఒక్కడివే అయితే పడవ మొత్తం అద్దె నీ మీద పడుతుంది, కయాక్ గుంపులో చేరితే తలకింతని ఇస్తావు. తొమ్మిదికి బయలుదేరే యాత్ర అడుగు, జొహర్‌కు తీరిగ్గా తిరిగొస్తావు. నీరు తీసే వేళ పడితే ఇంకా మంచిది. బురద బయటపడి, వేళ్ల సందుల్లో వేలెడు చేపలు రెక్కల మీద గెంతుతూ కనిపిస్తాయి. ఒక డెక్క మాత్రం పెద్దగా ఉన్న చిన్న ఎండ్రకాయలు దాన్ని పైకెత్తి ఊపుతుంటాయి. తెడ్డు ఆపి రెండు నిమిషాలు కదలకుండా ఉంటేనే అవి బొరియల్లోంచి బయటికొస్తాయి. మోటారు పడవలో ఇదంతా దక్కదు. కొందరు పడవవాళ్లు గరుడ పక్షుల కోసం కోడి చర్మం నీళ్లలో విసురుతారు. అలా తినమరిగిన పక్షి వేట మరుస్తుంది, పిల్లలకూ అదే పెడుతుంది. ‘పక్షులకు మేత వేస్తారా’ అని అడిగి, వేస్తామంటే మరొకరి దగ్గరికి వెళ్లు.

గునుంగ్ రాయా 881 మీటర్ల కొండ. సాయంత్రం ఐదుకల్లా పైకి చేరితే పెద్ద హార్న్‌బిల్ పక్షులు గూటికి పోతూ కనిపిస్తాయి. కనిపించక ముందే రెక్కల చప్పుడు వినిపిస్తుంది, ఎవరో దుప్పటి దులిపినట్టు. అక్కడి నుంచి తిరిగి రావడానికి యాప్‌లో పిలిచే గ్రాబ్ కారు దొరకదు. గంటల లెక్కన డ్రైవర్‌ను మాట్లాడి ఆగమను. తంజుంగ్ రూ తీరానికీ అంతే. సొంతంగా నడుపుతానంటే ఎడమ పక్కనే నడపాలి, మనలాగే. కానీ మన ఆర్టీవో ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ తీసుకెళ్లు, రూ. 1000 కడితే ఏడాది చెల్లుతుంది. అది లేకుండా స్కూటర్ అద్దెకిచ్చేవాళ్లు ఉంటారు, ప్రమాదం జరిగితే బీమా మాత్రం రాదు.

మాచిన్‌చాంగ్ కొండ మీద కేబుల్ కారు గాలి ఎక్కువైతే ఆపేస్తారు. దాన్ని చివరి రోజుకు పెట్టుకోకు, రెండో రోజో మూడో రోజో పొద్దున్నే ఎక్కు. ఆ కొండ రాయి 50 కోట్ల ఏళ్లకు పైబడినది. లంకావికి 2007లో యునెస్కో జియోపార్క్ గుర్తింపు రావడంలో దాని పాత్ర పెద్దది. కిటికీలోంచి రాతి పొరలు చూడడం మర్చిపోకు.

సముద్రంలో దిగితే ఒంటి నిండా ఉండే లైక్రా బట్టలు వేసుకో. ఒళ్లు కప్పుకోవాల్సిన సతర్‌కూ సరిపోతుంది, జెల్లీచేపల నుంచీ కాపాడుతుంది. ఆ నీళ్లలో బాక్స్ జెల్లీచేప ఉంది, కంటికి ఆనదు, ప్రాణాంతకం కూడా. కుడితే రుద్దొద్దు, మంచినీళ్లు పోయొద్దు, రెండింటివల్లా ఇంకా విషం ఒంట్లోకి దిగుతుంది. అర నిమిషం పాటు వెనిగర్ ధారగా పోసి, ఆ తర్వాతే ఒంటికి అంటుకున్న జెల్లీచేప పోగులు తీసేసి 999కి ఫోన్ చేయాలి. అర లీటరు వెనిగర్ సీసా అక్కడి కిరాణా కొట్లో కొని సంచిలో ఉంచుకో. ఒక్కడివే కాబట్టి ఒడ్డున మనుషులు ఉన్నచోటే దిగు, నడుం లోతు దాటకు. కోతులు ప్లాస్టిక్ కవరు చప్పుడు వింటే చాలు మీదికొస్తాయి. తిండి జిప్ సంచి లోపల ఉండాలి, చేతిలో ఉండకూడదు. కళ్లచుట్టూ తెల్ల గుండ్రాలున్న నల్ల కోతులు మాత్రం సాధువులు, దూరం నుంచి ఎంతసేపైనా చూడు.

దోమల మందు, మూడు దీర్ఘచతురస్ర పిన్నుల ప్లగ్ అడాప్టర్, గొడుగు ఇక్కడే కొనుక్కో. నువ్వు పెట్టుకునే రోజుల్లో శుక్రవారం ఉంటే ఆ పూట యాత్ర ఏదీ వద్దు. లంకావి ఉన్న కెదా రాష్ట్రంలో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు, జుమా నమాజుకు అన్నీ ఆగిపోతాయి. కువాలోని అల్ హానా మసీదుకు పన్నెండున్నరకే వెళ్లి కూర్చో.

సెలవు ఖాయం కాగానే తేదీలు పంపు. ఆ వారం సముద్రపు పోటు పాటు వేళలు చూసి, కిలింకు ఏ రోజు వెళ్లాలో చెప్తాను.

నీ పెదనాన్న
పెరంబూరు, చెన్నై