సివిల్ ఇంజనీరింగ్‌లో చేరుతున్న మేనల్లుడికి

హనుమకొండ

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. నీకు సివిల్ బ్రాంచిలో సీటు వచ్చిందని అక్క ఫోన్‌లో చెప్పింది. ఆ తర్వాత నీవు రాసిన ఉత్తరమూ అందింది. చేరాలా, మరో విడత కౌన్సెలింగ్‌లో కంప్యూటర్ సైన్స్‌కు మారాలా, చేరితే ఏమేమి చదవాలి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌కు ఎప్పుడు మొదలుపెట్టాలి అని వరుసగా అడిగావు. నేను నీటిపారుదల శాఖలో పనిచేసి విరమించినవాణ్ణి కాబట్టి నా జవాబులో చెరువులూ కాలువలూ కొంచెం ఎక్కువగానే కనిపిస్తాయి. రోడ్లు, భవనాలు, రైల్వేల వైపు వెళ్ళదలచుకున్న నీ మిత్రులు ఆ సంగతి గుర్తుంచుకొని దీన్ని చదువుకోవాలి.

మొదటి ప్రశ్నకు మొహమాటం లేకుండా జవాబు చెబుతాను. ఈ రంగంలో తొలి ఉద్యోగపు జీతం, అదే ఏడాది పట్టా పుచ్చుకొని సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరిన మిత్రుడి జీతం కంటే చాలా సందర్భాలలో తక్కువగానే ఉంటుంది. సైట్ ఉద్యోగమంటే మన వైపు మే నెల ఎండలో స్లాబు మీద నిలబడటం, కాంక్రీటు పోస్తున్న రోజున అది పూర్తయ్యేదాకా ఇంటికి రాకపోవడం, ఎక్కడ పని పడితే అక్కడ అద్దెగదిలో ఉండటం. ఇవన్నీ తెలిసి ఒప్పుకోగలిగితే చేరు, లేదంటే ఇప్పుడే మారిపో, అందులో చిన్నతనమేమీ లేదు. నాకు నచ్చనిది మూడో దారి: సివిల్‌లో చేరి, ఆ పుస్తకాలను పరీక్ష ముందు రాత్రి మాత్రమే తెరుస్తూ, నాలుగేళ్ళూ మనసంతా కోడింగ్ మీద పెట్టుకొని, చివరికి అదీ సగం, ఇదీ సగం నేర్చి బయటికి రావడం. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, ఆ స్థితిలో ఉన్న పిల్లలను నేను చాలామందిని చూస్తున్నాను.

చేరుతున్నావనే అనుకొని మిగతాది రాస్తున్నాను. ఈ చదువులో పిల్లలకు స్ట్రక్చర్స్ మీద ఉండే మోజు సాయిల్ మెకానిక్స్ (నేల శాస్త్రం) మీద, హైడ్రాలజీ (జలశాస్త్రం) మీద ఉండదు. బీమ్‌లో ఎంత స్టీలు వేయాలో లెక్కకట్టడం గౌరవమైన పనిగానూ, మట్టిని జల్లెడ పట్టడం మార్కుల కోసం చేసే ప్రయోగంగానూ తోస్తుంది. నా అభిప్రాయం ఇందుకు పూర్తిగా విరుద్ధం. బీమ్ లెక్కకు కోడ్ పుస్తకం ఉంది, సరిచూసే కంప్యూటరూ ఉంది. నీవు కట్టబోయే చోట నేల ఎలాంటిదో, వర్షాకాలంలో అక్కడికి నీరు ఎటునుంచి వస్తుందో మాత్రం ఆ చోటికి వెళ్ళి తవ్వి చూసినవాడికే తెలుస్తుంది. కాబట్టి ముందు నేలను, నీటిని చదువు.

మన జిల్లాలలో చెలక (ఎర్ర) నేలా, రేగడి (నల్ల) నేలా పక్కపక్కనే ఉంటాయి. ఒకే ఊళ్ళో ఒక వాడలోని ఇళ్ళు చెక్కుచెదరకుండా ఉంటే, ఇంకో వాడలో తలుపులు వర్షాకాలంలో బిగుసుకుపోయి, గోడలకు మూలల నుంచి ఏటవాలుగా పగుళ్ళు పోతుంటాయి. రేగడి తడికి ఉబ్బి పునాదిని పైకి నెడుతుంది, ఎండకు కుంచించుకొని నెర్రెలు విచ్చి కింద ఆనుడు లేకుండా చేస్తుంది. ఇంటి కింద మధ్యభాగం, అంచులు ఒకేలా తడవవు, ఒకేలా ఆరవు కాబట్టి గోడ పగులుతుంది. మేస్త్రి సిమెంటు పూసి మూసిన పగులు మరుసటి ఏడాది అక్కడే మళ్ళీ తెరుచుకోవడానికి కారణం ఇదే. దీన్ని లెక్కగట్టే పరీక్ష ఎంత సులువైనదో చూడు. 425 మైక్రాన్ల జల్లెడలో పట్టిన పొడిమట్టిని పదేసి గ్రాములు రెండు కొలజాడీలలో వేసి, ఒకదానిలో నీరు, రెండోదానిలో కిరోసిన్ పోసి, 24 గంటలు కదపకుండా ఉంచాలి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీటిలో అది దానికంటే ఎంత శాతం ఎక్కువ ఎత్తుకు పేరుకుందో అదే ఫ్రీ స్వెల్ ఇండెక్స్. 50 శాతం దాటితే ఆ నేల మీద మామూలు పునాది వేయడానికి వెనకాడాలి. రేగడిని తీసేసి ఉబ్బని మొరంతో నింపి దట్టించడమో, తేమ మారని లోతుకు అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు) దింపడమో ఆలోచించాలి. కాలేజీ ప్రయోగశాలలో ఈ పరీక్ష ఒకసారి చేసి రికార్డు రాసి ఊరుకోకు. మీ ఊరి నాలుగు దిక్కుల నుంచీ మట్టి తెచ్చి చేసి, ఆ అంకెలను ఆయా వాడల గోడల పగుళ్ళతో పోల్చి చూడు.

ఇసుక సంగతి ఇంకా ఆసక్తికరమైనది. పాలంపేటలోని రామప్ప గుడిని 1213లో కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది. శిఖరానికి వాడిన, నీటిలో తేలేంత తేలికైన ఇటుకల గురించి అందరూ చెప్పుకుంటారు. ఇంజనీరింగ్ విద్యార్థి అంతకంటే ముందు పునాది గురించి అడగాలి. గొయ్యి తవ్వి ఇసుకతో నింపి, దాని మీద అంత బరువైన రాతి కట్టడాన్ని నిలిపారు. ఇసుక జారిపోయేది కదా, ఎలా మోసిందని నీకు సందేహం రావాలి. నాలుగువైపులా కదలకుండా కట్టిపడేసిన ఇసుక బరువును చక్కగా మోస్తుంది, రేగడిలా ఉబ్బదు, కుంచించుకోదు. మండపంలో నేల ఎగుడుదిగుడుగా ఉన్న చోట్లు కనబడతాయి, వాటినీ చూడు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కళ్యాణమండపాన్ని 2006లో రాళ్ళకు అంకెలు వేసి విప్పి, మళ్ళీ నిలబెట్టి 2024లో తెరిచారు. పాత కట్టడాన్ని తిరిగి నిలపడం కొత్తది కట్టడం కంటే ఎంత కష్టమో ఆ కాలవ్యవధే చెబుతుంది.

అదే ఇసుక, కింద నీరు పారుతున్నప్పుడు, వేరే పదార్థం అన్నట్లు ప్రవర్తిస్తుంది. గోదావరి మీద 2019లో ప్రారంభమైన మేడిగడ్డ బ్యారేజీలో 2023 అక్టోబరులో ఏడో బ్లాకు పియర్లు (గేట్ల మధ్య స్తంభాలు) కుంగాయి. పరిశీలించిన నేషనల్ డ్యామ్ సేఫ్టీ అథారిటీ బృందం, రాఫ్ట్ (కట్టడం అడుగు పలక) కింది ఇసుక నీటితోపాటు కొట్టుకుపోవడాన్ని, అంటే పైపింగ్‌ను, కారణాలలో ఒకటిగా పేర్కొంది. ఎవరిది ఎంత బాధ్యత అనే వాదన విచారణలకూ పత్రికలకూ వదిలెయ్యి. నీవు చేయవలసింది ఇరిగేషన్ పాఠంలో ఖోస్లా సిద్ధాంతం (కట్టడం కింది ఊటనీటి ఒత్తిడి లెక్క), ఎగ్జిట్ గ్రేడియెంట్ (ఊట బయటికి వచ్చే చోట ఆ ఒత్తిడి తీవ్రత) వచ్చినప్పుడు వాటిని సూత్రాలుగా బట్టీ పట్టకుండా ఆ బ్యారేజీని కళ్ళ ముందు పెట్టుకొని చదవడం. కట్టడానికి ఎగువన నిలిచిన నీరు కిందినుంచి ఊటగా వచ్చి దిగువన పైకి తన్నే చోట, ఆ ఒత్తిడి ఇసుక రేణువు బరువును మించితే రేణువు లేస్తుంది. ఒకటి లేస్తే దాని వెనకది లేస్తుంది. షీట్ పైళ్ళు (నేలలోకి దింపే ఇనుప పలకలు) ఎందుకు దింపుతారు, దిగువన ఫిల్టర్ (ఇసుక, కంకర పొరలు) ఎందుకు పరుస్తారు అనేవి అప్పుడు వాటంతటవే అర్థమవుతాయి.

ఇక నీరు. కాకతీయుల గొలుసుకట్టు చెరువులను చూడకుండా వరంగల్‌లో సివిల్ చదివానని చెప్పుకోవడం నాకు వింతగా ఉంటుంది. ఒక చెరువు మత్తడి (నిండాక నీరు పొర్లే గోడ) దూకిన నీరు ఏ వాగు వెంట ఏ కింది చెరువుకు చేరుతుందో సెలవురోజున నడిచి చూడు. కట్ట ఎత్తు, మత్తడి పొడవు, తూము మట్టం నోటుబుక్కులో రాసుకో. ఊళ్ళో నీరటి (చెరువు నీటిని పంచేవాడు) కుటుంబంలో పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే వారిని కూర్చోబెట్టి అడుగు. ఏ ఏడు నీరు ఎక్కడిదాకా వచ్చిందో వారు చూపే గుర్తుకు ఏ పటమూ సాటిరాదు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటలలో సుమారు 650 మిల్లీమీటర్ల వాన కురిసింది. మన ప్రాంతంలో ఏడాది మొత్తానికి పడే సగటు వానలో దాదాపు సగం ఒక్కరోజులో పడిందన్నమాట. 10 చదరపు కిలోమీటర్ల మీద అంత వాన పడితే 65 లక్షల ఘనమీటర్ల నీరు. అందులో నేలలోకి ఇంకేది పోను మిగిలినది నీవు కట్టిన కల్వర్టు కిందినుంచి కొన్ని గంటలలో పోవాలి. ఆ వానకే మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. చిన్న రోడ్డుకు రెండు పైపులు వేస్తే సరిపోతుందని ఎవరైనా అన్నప్పుడు ఈ లెక్కను గుర్తు తెచ్చుకొని, పరీవాహక ప్రాంతం (ఆ చోటికి నీరు చేరే నేల) ఎంత అని అడుగు.

కాంక్రీటు గురించి పుస్తకాలు చాలా ఉన్నాయి కాబట్టి సైట్‌లో అసలు తగాదా వచ్చే ఒక్క విషయమే చెబుతాను. అది నీరు. ఎం20 అంటే 28 రోజులకు 150 మిల్లీమీటర్ల క్యూబు ప్రతి చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు తట్టుకోవాలి. 50 కిలోల సిమెంటు బస్తాకు నీటి నిష్పత్తి 0.5 అనుకుంటే మొత్తం 25 లీటర్లు. వర్షాకాలంలో ఇసుకలో 5 శాతం తేమ ఉంటే, సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్ళలో ఒక బస్తాకు పట్టే ఇసుకలోనే దాదాపు 4 లీటర్లు ముందే ఉంటాయి, కాబట్టి నీవు పోయవలసింది 21. పైగా తడి ఇసుక ఉబ్బి ఉంటుంది, డబ్బాతో కొలిస్తే నిజానికి తక్కువ ఇసుక పడుతుంది. కూలీలకు మాల్ (కలిపిన కాంక్రీటు) పలుచగా ఉంటేనే సులువు కనుక ఇంకో బకెట్ పొయ్యమంటారు. వారి కష్టం అబద్ధం కాదు, కంకర ఎక్కువై వైబ్రేటర్ లేకపోతే గట్టి మాల్ మూలలకు పోదు. ఆ సమయంలో కోప్పడటం కాకుండా, ముందే ప్లాస్టిసైజర్ (నీరు పెంచకుండా మాల్‌ను జారేలా చేసే రసాయనం), వైబ్రేటర్ ఏర్పాటు చేసుకోవడం ఇంజనీరు పని. స్లాబు పోసిన తర్వాత నీళ్ళు కొట్టడం సంగతికి వస్తే, కాంక్రీటు పనికి భారత ప్రమాణాల కోడ్ అయిన ఐఎస్ 456 మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులని, ఎండవేడి ఎక్కువగా ఉన్నచోట 10 రోజులకు తగ్గకూడదని, బూడిద కలిసిన సిమెంటుకు ఆ ఎండలో 14 రోజులదాకా పెంచమని చెబుతుంది. ఇప్పుడు మార్కెట్‌లో దొరికేది చాలావరకు బూడిద కలిసిన పీపీసీయే.

ఈ పనులలో నీకు గురువులు కాలేజీ బయట కూడా ఉన్నారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్ళి సెంట్రింగ్, రాడ్ బెండింగ్ చేసి తిరిగి వచ్చినవారు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. డ్రాయింగ్ చూసి రింగుల మధ్య దూరం, కవర్ బ్లాకుల మందం చూడటం వారికి కొట్టిన పిండి. వారిని అన్నా, కాకా అని గౌరవంగా పిలిచి పక్కన నిలబడితే సెమిస్టరు పాఠం ఒక పూటలో వస్తుంది. బీటెక్ పిల్లలలో కొందరు మేస్త్రితో నువ్వు, నువ్వు అని మాట్లాడటం విన్నాను. అది నీకు అలవాటు కాకూడదు.

సాఫ్ట్‌వేర్ గురించి తక్కువే చెబుతాను. ఆటోక్యాడ్, ఎక్సెల్ బాగా రావాలి. కట్టడాల లెక్కలు చేసే స్టాడ్ లేదా ఈట్యాబ్స్ మూడో ఏడులో మొదలుపెట్టు, అంతకుముందు వద్దు. చేత్తో ఒక ఫ్రేమ్‌కు మూమెంట్లు (బరువు వల్ల వంగే ప్రభావం) లెక్కకట్టలేనివాడికి తెర మీద వచ్చిన అంకె తప్పని ఎలా తెలుస్తుంది? పటాలు గీసే క్యూజీఐఎస్ ఉచితం. నీటి పనుల వైపు రావాలనుకుంటే అది మాత్రం రెండో ఏడులోనే నేర్చుకో, పరీవాహక ప్రాంతాన్ని గీయడానికి దానిని మించిన సాధనం విద్యార్థికి దొరకదు.

పోటీ పరీక్షల విషయంలో ఇప్పటినుంచే కోచింగ్ సెంటర్ల ప్రకటనలు చూసి కంగారుపడకు. గేట్ మూడు గంటలు, 100 మార్కులు. అందులో 15 జనరల్ ఆప్టిట్యూడ్, 13 వరకు గణితం, మిగతాది మన సబ్జెక్టు. స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది, మూడో ఏడు నుంచే రాయవచ్చు. యూపీఎస్సీ వారి ఇంజనీరింగ్ సర్వీసెస్‌లో ప్రిలిమ్స్ 500, మెయిన్స్ 600, ఇంటర్వ్యూ 200 మార్కులు. మెయిన్స్‌లో వ్యాసరూపంలో లెక్కలు చేయాలి కాబట్టి ఆబ్జెక్టివ్ అలవాటు ఒక్కటే చాలదు. రాష్ట్రంలో డిగ్రీవారికి ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు), డిప్లొమా అర్హతతో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) పోస్టులు ఉంటాయి. నోటిఫికేషన్లు ఏటా వస్తాయన్న నమ్మకం పెట్టుకొని ఇంట్లో కూర్చోవద్దు, చదువు పూర్తవగానే ఎక్కడో ఒకచోట సైట్‌లో చేరి చదువుకో. పాలిటెక్నిక్ చేసి ఈసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా రెండో ఏడులో చేరే పిల్లలు మీ తరగతిలో ఉంటారు. సర్వేలోనూ డ్రాయింగ్‌లోనూ వారు మీకంటే ముందుంటారు, వారితో స్నేహం చెయ్యి.

ప్రభుత్వంలో చేరినా కంట్రాక్టరు దగ్గర చేరినా ఒక క్రమశిక్షణ మాత్రం మొదటి రోజు నుంచే పాటించాలి. కొలత పుస్తకంలో నీవు టేపు పట్టి కొలిచినదే రాయి. తప్పు పడితే ఒక గీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి, సంతకం పెట్టు. చెరిపివేయడం గానీ, అంకె మీద అంకె దిద్దడం గానీ చేయకు. మట్టి కప్పేసే పునాదిని, కాంక్రీటులో మునిగిపోయే స్టీలును కప్పకముందే కొలవాలి. తర్వాత ఎవరు వచ్చి ఎంత ఒత్తిడి చేసినా కనబడనిదాన్ని కొలిచినట్లు రాయలేనని చెప్పడానికి ఈ అలవాటే ఆసరా.

ఐఎస్ కోడ్‌లు కొనవలసిన పనిలేదు, భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఐఎస్ 456 దించుకొని పెట్టుకో. దసరా సెలవుల తేదీలు తెలియగానే నాకు రాయి, మనం పాలంపేట, లక్నవరం, పాకాల చెరువులు చూసి వద్దాం. నీ మిత్రులనూ తీసుకురా. ముప్పై మీటర్ల టేపు నా దగ్గర ఉంది, నీవు నోటుబుక్కూ బూట్లూ తెచ్చుకో. చెప్పులతో చెరువు కట్ట వెనకభాగం దిగలేము, ఊట ఎక్కడ వస్తున్నదో చూడాలంటే అటే దిగాలి.

అక్కకూ బావగారికీ నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య