ఫ్రీజర్‌లోంచి తీసిన గోల్డెన్ ఏల్‌కి మార్కులు వెయ్యొద్దు

ప్రశ్న ఇది: "మాది కావలి. మా బావ బెల్జియం నుంచి గోల్డెన్ ఏల్ అని రెండు సీసాలు తెచ్చాడు. 330 మిల్లీలీటర్లు, 8.5 శాతం అని ఉంది. మన స్ట్రాంగ్ బీరుకీ దీనికీ తేడా ఏంది? రుచి చూసి మార్కులు వెయ్యాలంటే ఎట్లా?"

తేడా నుంచే మొదలుపెడతాను, మన వైపు మార్కులు తప్పేది అక్కడే. నెల్లూరైనా ఒంగోలైనా బీరుకి రెండే పరీక్షలు: ఎంత చల్లగా ఉంది, ఎంత ఎక్కింది. ఈ సీసా విషయంలో ఆ రెండిటికీ ఒక్క మార్కు కూడా లేదు. మన స్ట్రాంగ్ బీరులో ఆల్కహాలు పెరిగేకొద్దీ తీపి, గొంతులో మంట కూడా పెరుగుతాయి. గోల్డెన్ ఏల్‌లో ఆల్కహాలు అంతే ఉన్నా తేలిగ్గా దిగాలి. మాల్టుతో (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) పాటు పంచదారో డెక్స్‌ట్రోజ్ అనే చక్కెరో కలుపుతారు, బీరుని పులియబెట్టే ఈస్టు దాన్ని మిగల్చకుండా తినేస్తుంది. అందుకే బీరు చిక్కబడకుండానే ఆల్కహాలు పెరుగుతుంది. ఈ రకానికి కొలబద్ద డూవెల్ అనే బీరు. బెల్జియంలోని బ్రీన్‌డాంక్‌లో మోర్ట్‌గాట్ కంపెనీ వాళ్లు చేస్తారు. ముందు విక్టరీ ఏల్ అనేవాళ్లు, 1923లో 'దయ్యం' అని అర్థమొచ్చే ఈ పేరు పెట్టారు. బంగారు రంగుకి మారింది మాత్రం 1970లో. తేలిగ్గా దిగి తర్వాత పట్టుకుంటుంది కాబట్టి ఆ పేరు దానికి చక్కగా సరిపోయింది.

లెక్క కూడా చూసుకోండి. 330 మిల్లీలీటర్లలో 8.5 శాతం అంటే 28 మిల్లీలీటర్ల ఆల్కహాలు, 60 మిల్లీలీటర్ల విస్కీలో ఉండేదానికన్నా కాస్త ఎక్కువే. రుచి చూడ్డానికి ఒక్క సీసాని ఇద్దరు పంచుకుంటే చాలు. తాగాక బండి ముట్టుకోవద్దు.

ఇక తయారీ. ప్రయాణం చేసి వచ్చిన సీసాని వారం రోజులు కదపకుండా నిలబెట్టండి, పడుకోబెట్టొద్దు. లోపల బతికున్న ఈస్టు ఉంటుంది, అది అడుగుకి దిగాలి. కదిలిన సీసా మూత తియ్యగానే పొంగి సగం నేలపాలవుతుంది. బీరువా అడుగున చీకట్లో ఉంచండి. మే నెలలో కారు డిక్కీలో ఒక మధ్యాహ్నం మరిచిపోయిన సీసాకి ఎన్ని మార్కులేసినా అవి ఆ డిక్కీకి వేసినట్టే. తాగే ముందు రోజు ఫ్రిజ్‌లో కింది అరలో వెనక్కి నిలబెట్టండి. తలుపులో వద్దు, తెరిచినప్పుడల్లా ఊగుతుంది. ఫ్రీజర్ అసలొద్దు. 2, 3 డిగ్రీల దగ్గర వాసన లేవదు, నాలుక మొద్దుబారుతుంది, మంచి బీరూ చెడ్డ బీరూ ఒకటే అనిపిస్తాయి. 6 నుంచి 10 డిగ్రీలుండాలి. మన ఎండాకాలంలో ఫ్రిజ్‌లోంచి తీసి పది నిమిషాలు ఆగితే చాలు.

గ్లాసు సగం పని చేస్తుంది. పొట్ట వెడల్పుగా, మూతి కాస్త ముడుచుకుని, అర లీటరు పట్టేది కావాలి. ట్యులిప్ గ్లాసు దొరక్కపోతే పెద్ద వైన్ గ్లాసు వాడొచ్చు. స్టీలు గ్లాసు వద్దు, రంగూ బుడగా కనపడవు. కొంచెం వంటసోడాతో తోమి, మంచినీళ్లతో కడిగి, బోర్లించి ఆరనివ్వండి. గుడ్డతో తుడిస్తే నూలుపోగు, జిడ్డు అంటుతాయి. నీళ్లు పోసి వంచినప్పుడు గోడంతా పలచని పొరలా జారాలి. చుక్కలుగా విడిపోతే జిడ్డుందన్నమాట, నురగ నిలవదు.

పొయ్యడం దగ్గరే చాలామంది చెడగొడతారు. నురగంటే మనవాళ్లకి మోసం కింద లెక్క. గ్లాసు పూర్తిగా వంచి, ఒక్క బుడగ లేవకుండా అంచుదాకా నింపుతారు. దీనికి అది సరిపోదు. సీసాలో గ్యాసు మామూలు బీరు కన్నా చాలా ఎక్కువ, అది బయటికి రావాలి. మొదటి మూడో వంతు గ్లాసు వంచి పొయ్యండి. తర్వాత నిలబెట్టి, మధ్యలోకి ధారగా పొయ్యండి. నురగ తెల్లగా, మేఘంలా నాలుగైదు సెంటీమీటర్లు లేచి, మూతి దాటబోయేసరికి ఆగండి. అడుగున మిగిలిన ఒక వేలు మందం సీసాలోనే వదిలెయ్యండి. ఇప్పుడు చూడండి: లేత పసుపు బంగారం, అడుగు నుంచి దారాల్లా ఎగబాకే బుడగలు, నురగ కుంగేకొద్దీ గ్లాసు గోడకి అల్లిక పని మాదిరి మిగిలే తెల్లటి చారలు. ఆ చారలు రాలేదంటే ముందు గ్లాసునే అనుమానించండి.

మార్కులకి పోటీల్లో జడ్జీలు వాడే 50 మార్కుల లెక్కే మేలు: వాసనకి 12, కనపడే తీరుకి 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకి 5, మొత్తం మీద 10. వాసన మొదటి అర నిమిషంలోనే పట్టాలి. బేరికాయ, ఆపిల్, నారింజ తొక్క, వెనకాల మిరియాలు, లేత పువ్వు వాసన ఉంటే 9 పైన వెయ్యండి. చక్కెరకేళి వాసన ముక్కుని కప్పేస్తే 6 దాటొద్దు. గోళ్ల రంగు ఘాటు వస్తే అది మరీ వేడిగా పులిసినది. ఉడికిన మొక్కజొన్న కంకి, వెన్న కూడా తప్పులే. తడిసిన అట్టపెట్టె వాసన పాతబడ్డదానికీ ఎండకి ఉడికినదానికీ గుర్తు. అది మన దారుల్లో తగిలిన దెబ్బ కావచ్చు, చేసినవాళ్ల మీద పెట్టొద్దు. కాలిన రబ్బరులా ఉంటే వెలుతురు తగిలింది, ఆకుపచ్చ సీసాల్లో ఇది ఎక్కువ.

రుచిలో నేను మొదట వెతికేది తీపి కాదు, తీపి పోయే తీరు. నాలుక కొసన మాల్టు తీపి మెరిసి, మిరియం తగిలి, చేదు శుభ్రంగా తుడిచెయ్యాలి. మింగాక నోరు పొడిగా ఉండాలి. పెదాలు జిగటగా అంటుకుంటే రుచిలో 20కి 12 దాటదు. గొంతులో వెచ్చదనం మంచిదే, మండితే నోట్లో తగిలే తీరుకి ఇచ్చే 5లోంచి రెండు తీసెయ్యండి. మొత్తం 38 దాటితే చాలా మంచి సీసా, 45 దాటేవి అరుదు.

పక్కన ఏం పెట్టుకోవాలని ఎటూ అడుగుతారు. మార్కులు వేసేదాకా ఉప్పూకారం లేని బొరుగులు, మంచినీళ్లు మాత్రమే. మన చేపల పులుసు ఎంత గొప్పదైనా దీని పక్కకి రాకూడదు. గ్యాసు కారాన్ని రెచ్చగొడుతుంది, చింతపండు పులుపు ఆ బేరికాయ వాసనని మింగేస్తుంది. అయ్యాక మిరియాల పొడి, ఉప్పుతో వేయించిన రొయ్యలు తినండి, ఈ బీరులోని మిరియం వాటిని వెతుక్కుంటూ వస్తుంది.

పావుగంట పోయాక, 12 డిగ్రీలకి వెచ్చబడ్డప్పుడు ఇంకోసారి వాసన చూసి, మొదటి అంకె పక్కన రెండోది వెయ్యండి. మంచి ఏల్‌కి రెండో అంకె పెరుగుతుంది, దాచుకున్న తప్పులుంటే అప్పుడే బయటపడతాయి. సీసాలో వదిలిన మడ్డిని వేరే చిన్న గ్లాసులో పోసుకోండి. రొట్టె పిండి వాసనతో, కాస్త చేదుగా ఉంటుంది, దానికి మార్కులు లేవు.