ట్రామ్ పట్టాలు రాకముందే తవ్వకాలెందుకు?

ప్రశ్న: మా వీధిలో ట్రామ్ లైన్ వేస్తారంట, గేటులో ఓ కాగితం పడేసి పోయారు. "పనులు దశలవారీగా జరుగును" అని తప్ప అందులో ఏం లేదు. పట్టాలకి ఇంకా చాలా టైముందట, మరి ఇప్పుడే రోడ్డు తవ్వడం ఎందుకండీ?

జవాబు: ఈ తవ్వకం పట్టాల కోసం కాదండీ, కిందున్న పైపుల కోసం. మంచినీళ్లు, డ్రైనేజీ, గ్యాస్, కేబుళ్లు అన్నీ పట్టాల కిందే వదిలేస్తే రేపు ఒక్క పైపు లీకైనా ట్రామ్ ఆపేసి కాంక్రీటు పగలగొట్టాలి, అందుకే ముందే పక్కకి జరుపుతారు, టైమంతా తినేసేది కూడా ఇదే, ఎందుకంటే పాత మ్యాపుల్లో లేని పైపులు తవ్వాకే బయటపడతాయి. ఇంకోటి, ట్రామ్ కరెంటు, ఎక్కువ చోట్ల 600 లేదా 750 వోల్టుల డీసీ, పట్టాల గుండానే వెనక్కి వెళ్తుంది, అందులో కొంత భూమిలోకి జారితే దగ్గర్లోని ఇనప పైపులు తుప్పు పట్టిపోతాయి.

"దశలవారీగా" అన్న ముక్క ఎవరికీ పనికిరాదు లెండి. మీ గేటు ముందు ఏ వారం తవ్వుతారు, నీళ్లు ఎన్ని గంటలు ఆపుతారు, అంబులెన్సు ఎటు నుంచి రావాలి, రాత్రి డ్రిల్లింగ్ ఉందా, ఫోన్ చేస్తే ఎత్తేదెవరు, ఇవి రాసిమ్మని అడగండి.

అన్నట్టు ఇంట్లో సైకిల్ తొక్కే పిల్లలుంటే పట్టాలని అడ్డంగా దాటమనండి, ఏటవాలుగా వెళ్తే పట్టాలో ఉండే గాడిలో చక్రం ఇరుక్కుంటుంది.